తడిచేతికి తగిన మొక్క

నా భార్య చేయి వేడిదని మా వీథి యావత్తు నమ్మియుండెను. ఆ చేతితో నాటిన మొక్క బ్రదుకదు. కాపురమునకు వచ్చిన యేడు మా అమ్మ ఆమెచేత తులసి నాటించెను; ఆ తులసి శ్రావణమాసము చూడలేదు. మరల నాటించెను, అదియు నల్లబడి వ్రాలిపోయెను. బంతి, కనకాంబరము, తుదకు గోడవార నెవరును నాటకయే మొలచు బచ్చలితీగ సైతము ఆమె శ్రద్ధ చూపిన పక్షమునకే పసుపెక్కిపోయెడిది. "కొందరి చేతులు అంతేనర్రా, పొయ్యిమీద పెనంలా ఉంటాయి. పచ్చనిది తగిలితే చాలు, చుయ్యిమంటుంది" అని మా అమ్మ పేరంటములలో నలుగురి యెదుట నవ్వుచు ననెడిది. నవ్వుచు నన్న మాట గనుక కోడలు బదులు చెప్పుటకు వీలులేదు. నలుగురి యెదుట నన్నది గనుక మరచుటకును వీలులేదు.

మా చెల్లెలి వివాహము మాఘమాసమునకు నిశ్చయమైనప్పుడు ఆ నవ్వులాట నిజమునకు వచ్చెను. పెండ్లియింట మొదట జరుగు పని పాలికలు. మట్టిమూకుళ్లలో పుట్టమన్ను పోసి, పాలతో తడిపిన నవధాన్యములను అయిదుగురు ముత్తైదువులు అందులో చల్లుదురు. ఆ మొలక లెంత యేపుగా వచ్చిన ఆ దంపతుల కాపురమంత పచ్చగా నుండునని మావారి నమ్మకము. పెండ్లికూతురికి వదినె యున్న యింట తొలిగుప్పెడు ఆ వదినెదే.

"అమ్మాయ్, నువ్వు హారతిపళ్ళెం చూసుకో. పాలికల దగ్గరికి మాత్రం రాకు" అని మా అమ్మ పప్పు రుబ్బుచు, వంకాయల బేరము చెప్పినంత తేలికగా చెప్పెను.

"వదినని నేనుండగా, నేను రాకూడదా అత్తయ్యా?"

"వదినవి కాదన్నానా? రేపు మొలకలు రాకపోతే వియ్యపురాలు నిన్నంటుందా, నన్నంటుందా? పిల్ల జన్మంతా అత్తారింట్లో ఆ మాట పడాలి."

నా భార్య ఏడ్చునని నేననుకొంటిని. ఆమె ఏడ్వలేదు. "ఒక్క మొక్క బతికిస్తే?" అనెను.

"ఏంటీ?"

"ఒక్కటంటే ఒక్క మొక్క, మాఘమాసందాకా నా చేతిలో బతికితే రానిస్తారా?"

మా అమ్మ రుబ్బుట యాపి కోడలివైపు చూచెను. "బతికించు, చూద్దాం" అనెను. మా నాన్నగారు ప్రక్కగదిలో భాగవతము చదువుకొనుచుండిరి. ఇట్టి విషయములలో వినబడనట్లుండుటయే మేలని వారు చాల కాలము క్రిందటనే నిశ్చయించుకొనియుండిరి. అప్పుడు వారి గొంతు కొంచెము హెచ్చెను, అంతే.

కావున మాకొక మొక్క కావలసివచ్చెను. చావని మొక్క.

ఆ దినములలో నేను బడి ముగిసిన పిదప ధవళేశ్వరములో ఆనకట్ట పనులు చూచు నొక యింజనీరు దొరకు తెలుగు చెప్పుచుంటిని. దొరకు పరీక్ష గట్టెక్కిన చాలును. తెలుగు వచ్చినది దొరసానికి. ఆమె ప్రక్కన కూర్చుండి, నేను ఆయనకు చెప్పిన పాఠమంతయు తాను పట్టుకొనెను. నేను నేర్పినది గ్రంథభాష గనుక ఆమె ఆ భాషనే వంటవానితోను మాటలాడెడిది. "ఓయీ, ఈ కూరయందు లవణము మిక్కుటము" అని ఆమె యనుట నా చెవులార వింటిని. వంటవాడు పూజారి యెదుట నిలిచినట్లు చేతులు కట్టుకొనియుండెను.

ఆమెకు మొక్కల పిచ్చి మెండు. బంగళా వెనుక కొబ్బరియాకులు కప్పిన పందిరిక్రింద దేశదేశముల చెట్లను పెంచుచుండెను. జ్యేష్ఠమాసములో దొరకు బదిలీ ఉత్తరువు వచ్చెను. ఆమె మొక్కలను పంచిపెట్టదొడగెను. "పంతులుగారూ, తమకేమి కావలెను?" అని నన్నడిగినప్పుడు ఇంటి సంగతి యంతయు దాచక చెప్పి, ఎవరి చేతనైనను చావని మొక్క యొకటి యిప్పింపుమని కోరితిని.

"అట్టి మొక్క లోకమునందు లేదు" అని ఆమె గంభీరముగా ననెను. "ముందు నా ప్రశ్నకు ప్రత్యుత్తర మొసంగుడు. తమ భార్య మొక్కలను ఏ విధమున చంపును?"

"చంపుట యనరాదు, దొరసానిగారూ..."

"మరచి చంపునా, ప్రేమించి చంపునా?"

ఆ దృష్టితో నేనెన్నడు నాలోచింపలేదు. ఆలోచించి చెప్పితిని. నా భార్య నూతినుండి బిందెతో వచ్చునప్పుడెల్ల మొక్కకొక చెంబెడు నీళ్లు పోయును. బియ్యము కడిగిన నీళ్లు పోయును. చేయి వేడిదని నలుగురును అన్నది మొదలు, ఆ వేడి చల్లార్చుటకని మరియొక చెంబు పోయును.

దొరసాని కన్నుల నీరు వచ్చునట్లు నవ్వెను. "అయ్యా! ఆమె చేయి వేడి కాదు, తడి. తడిచేతికి తడియం దిష్టముగల మొక్క కావలెను. రండు."

పందిరి చివర మూడు కుండీలుండెను. ప్రతి యాకు కొననుండియు ఒక సన్నని తీగ క్రిందికి దిగి, ఆ తీగచివర ఒక చెంబు వ్రేలాడుచుండెను. చెంబునకు మూతి, మూతికి అంచు, పైన మూత కూడ నుండెను. ఆ చెంబు లోపలి ద్రవములో చీమలు, ఈగలు జారిపడిన మరల పైకి రాలేవనియు, వానినే ఆ మొక్క జీర్ణించుకొనుననియు ఆమె చెప్పెను.

మొదటి కుండీలో మొక్క చెంబులు మూరెడు పొడవు, రక్తవర్ణము, అంచులు చెక్కినట్లుండెను. వర్ణించుటకు పద్యము చాలదనిపించి, నా చేయి దానివైపే సాగెను.

"తమరు అందమును చూచి కోరుచున్నారు. ఇది తూర్పుద్వీపముల మహాపర్వతములనుండి వచ్చినది. రాత్రి చలి లేనిదే యిది చెంబు కట్టదు. ఇప్పుడున్న చెంబులు అది వచ్చునప్పుడు తెచ్చుకొన్నవే. తమ రాజమహేంద్రవరమునందు రాత్రి చలి యెచ్చట నున్నది?"

"ఈ రెండవది?"

"పసిది. విత్తునుండి వచ్చినది. కోపము మెండు. కొత్తవారి చేతికి పసిదాని నీయరాదు."

మూడవదానిలో చూడదగినదేదియు నాకు కనబడలేదు. వ్రేలెడు పొడవు చెంబులు, ఆకుపచ్చని రంగు, అంచున కొంచెము ఎరుపు. సింహళద్వీపములో సముద్రమునకు దగ్గరగా, ఉక్కలో, వానలో పెరుగు జాతి యట. "ఇది రెండు వేసవులు ఈ పందిరిక్రిందనే గడిపినది. ఉక్క దీనికి పుట్టినిల్లు. నీరు పోయుడు, మరల పోయుడు, క్రిందికి కారిపోనిండు, ఇది సంతోషించును" అని, ఆమె చెంబులను విడిచి మొక్క నడినెత్తిన చిగురును చూపెను. "చెంబు లెన్ని యున్నవని లెక్కింపవలదు. ముసలి చెంబులు గతవైభవము. కొత్త చిగురు చూడవలెను. దాని కొన ఉబ్బుచున్నదా? ఉబ్బుచున్నచో ఈ గాలి దానికి పడినట్లు."

ఉబ్బుచుండెను. నేను ఆ పచ్చని, పేదమొక్కనే పుచ్చుకొంటిని. మన ఒండ్రుమట్టి దీనికి బరువనియు, ఎరువు విషమనియు, కడిగిన కొబ్బరిపీచు, బొగ్గుముక్కలు, ముతకయిసుక చాలుననియు, ఉప్పునూతి నీరు కాక వాననీరో కాలువనీరో పోయవలెననియు, ఉదయపుటెండ తగులు చోట వ్రేలాడదీయవలెననియు ఆమె చెప్పెను. చెంబులను తోమవలదని మాత్రము చెప్పలేదు. ఏ దేశపువారికి తోచును ఆ సంగతి!

కుండీని ఒడిలో పెట్టుకొని ఒంటెద్దుబండిలో బయలుదేరితిని. బండివాడు దారి చూచుట మాని నా ఒడిలోనికే చూచుచుండెను.

"ఏంటండి పంతులుగారూ, మొక్కకి చెంబులు కాశాయేంటండి?"

"కాశాయి."

"ఇత్తడియ్యా, రాగియ్యా అండి?"

"పచ్చివిరా. ముందు చూసి తోలు."

"మా ఇంటిదానికి చెప్తానండి. చెంబు కొనమని నా ప్రాణం తీస్తోందండి. నీళ్ళబిందెలు కాసే చెట్టేదైనా ఉందేమో కనుక్కోండి" అని వాడు ఇల్లు చేరువరకు ఆ చెట్ల వివరము లడుగుచునే యుండెను.

దొర యింటినుండి వచ్చిన దినమున నేను వీథియరుగు దగ్గరనే స్నానము చేయవలెను. ఆ దినమున మా అమ్మ మొక్కకు కూడ స్నానము చేయించెను. ఆ తడిలో అది తళతళలాడుచుండగా చూచి, "ముచ్చటగానే ఉందిరా" అనెను. అంతలో ఒక చీమ అంచుమీద నడచుచు లోనికి జారెను.

"అయ్యో, పడిపోయింది. తియ్యి, తియ్యి!"

"తియ్యకూడదమ్మా. అది దాని భోజనం."

మా అమ్మ కుండీనుండి రెండడుగులు వెనుకకు వేసెను. "ఎక్కడ దొరికిందిరా ఇది?"

"సింహళం నుంచి వచ్చింది."

"సింహళమంటే లంకే గదరా! ఇంకేం, రాక్షసిజాతి. బ్రాహ్మణకొంపలో మాంసం తినే మొక్కా?"

"బల్లి తినడం లేదా అమ్మా? మన దేవుడిగది గోడమీదే ఉంది."

"బల్లిని నేనేమైనా బండెక్కించి తీసుకొచ్చానా?"

నేను చదివిన తర్కశాస్త్రము కట్టిపెట్టి బేరమునకు దిగితిని. తుదకు మడిబట్టలకు, వంటయింటికి దూరముగా పెరటి చూరుక్రింద దానిని కట్టుటకు ఒప్పందమైనది. నా భార్య పాత ఉట్టి యొకటి తెచ్చి కుండీని అందులో పెట్టి, సూర్యుని వంక చూచి చోటు నిర్ణయించి వ్రేలాడదీసెను. మొక్క పొడవునా ఆమె చూపు మెల్లగా ఎక్కి చిగురు దగ్గర నిలిచెను.

మా అమ్మ పదిదినములు దానివైపు పోలేదు. తొలియేకాదశినాడు మాత్రము దూరమునుండి, "ఇవాళ కూడా తింటుందా అది?" అని యడిగెను. మరునాడు నేను చూచునప్పటికి చెంబుల మూతులన్నిటికిని తెల్లని గుడ్డపీలికలు కట్టియుండెను. మొక్క ముందునాడు ఉపవాసముండెనన్న మాట! ద్వాదశి పారణ వేళకు నా భార్య ఆ గుడ్డలు విప్పుచు, "అత్తయ్యగారికి మనసు కష్టంగా ఉంటే మొక్కకి మంచిది కాదు కదండీ" అనెను. ఇంటిలో అది యుండుటకు అంతమాత్రము వ్రతము అది కూడ పట్టవలసినదేనని నేను నవ్వుకొంటిని.

కాని కొలదిదినములలో చెంబులు వాడదొడగెను. మొదట అంచు నల్లబడును. పిమ్మట మూత ముడుచుకొనును. తుదకు చెంబంతయు ఎండిన తమలపాకువలె నగును. ఒకటి పోయెను, మరియొకటి పోయెను. నా భార్య ముఖము ఆ చెంబులతోపాటు చిన్నదగుచుండెను. "నేనేమీ అనలేదే అమ్మాయ్" అని మా అమ్మ ప్రొద్దుట నొకసారి, సాయంకాలము నొకసారి అనుచుండెను.

ఒకనాడు బడినుండి వచ్చునప్పటికి నా భార్య చూరుక్రింద కదలక నిలుచుండెను.

"ఏమండీ, ఇలా రండి. ఇటు గోడవైపు చూడండి."

గోడవైపు, ఆకుల చాటున, ఒక చెంబు మాత్రము నవనవలాడుచుండెను.

"నా చెయ్యి అందనిదదొక్కటే. అది బతికింది. అందినవన్నీ చచ్చాయి. అత్తయ్యగారన్నది నిజమేనండి" అనెను. ఇన్నేండ్ల పేరంటములలోను రాని కన్నీరు ఆ చిన్న చెంబునకు వచ్చెను.

"అందడమంటే ఏం చేశావ్ వాటిని?" అని యడిగితిని.

"ఏం చేస్తాను? రోజూ పొద్దున్నే చెంబులు ఖాళీ చేసి, కడిగి, మంచినీళ్ళు పోసి పెడుతున్నాను. చచ్చిన చీమలతో పాచి నీళ్ళు ఎలా ఉంచుతానండీ?"

ఇంటనున్న చెంబులన్నియు ప్రొద్దుట లేవగానే తోమవలెను, ఇవియు చెంబులే. ఆమె చింతపండు వాడలేదని మాత్రము సంతసించితిని. నేను మాటలాడక మునుపే ఆమె గోడవైపు చెంబును వంచి చూచి, ఒక పుల్ల ముంచి తీసెను. పుల్లనుండి ద్రవము జిగురుగా తీగసాగెను. ప్రక్కనున్న చెంబులో ముంచెను, అచ్చమైన మంచినీరు.

"అయ్యో!" అని ఆమె తలమీద చేయి పెట్టుకొనెను. "నేను దీని పొట్ట కడిగేస్తున్నానండీ!"

ఆమె కన్నీటి వెనుకనే నవ్వు వచ్చెను. అది మొదలు చెంబుల జోలికి పోలేదు. ఆ చేతులు మాత్రము ఊరకుండునవి కావు గనుక కాలువనీరు తెచ్చి పీచుమీద పోయుచుండెను, పోసినదంతయు క్రిందికి కారిపోవును, మరల పోయుచుండెను. జన్మలో మొదటిసారి ఆమె కోరినంత నీరు త్రాగు ప్రాణి యొకటి దొరకినది. భాద్రపదపు ముసురులో చిగురు విప్పి ఆకయ్యెను. ఆకు కొన తీగయ్యెను. తీగ చివర మిరియపు గింజంత ఉబ్బు బయలుదేరెను. ఆడువారు బయటనుండు దినములలో చెట్టుచేమలను తాకరాదని మా యింటి కట్టు. కాని యీ మొక్కను మా అమ్మ ముందే మైలలో కలిపివేసెను గనుక అభ్యంతరము చెప్ప వీలులేకపోయెను. ఆ దినములలో నా భార్య కూర్చుండు చోటును ఆ చూరే. కొత్తచెంబు మూత విడుట ఆమె అట్లు కూర్చుండియే చూచెను. లోపల ఎవరును పోయని నీరు అప్పటికే యుండెనని నాకు పలుమారులు చెప్పెను.

కార్తికము గడచెను. మొక్కకు మరి రెండు చెంబులు వచ్చెను. పుష్యమున నా భార్య ధైర్యము చేసి, "అత్తయ్యా, బతికింది కదా!" అనెను.

మా అమ్మ అప్పటికే సమాధానము సిద్ధపరచుకొనియుండెను. "బతికింది. కాదనను. కానీ అది మొక్కేంటే? మొక్కైతే నీళ్ళు తాగి బతకాలి. ఇది చీమల్ని తిని బతికింది. నీ చేతి చలవ ఏముంది ఇందులో?"

"వేళ్ళున్నాయి, ఆకులున్నాయి, చిగురేస్తోంది. మొక్క కాకపోతే ఏంటమ్మా?" అని నేనడ్డుపడితిని.

"అదంతా నువ్వు బళ్ళో పిల్లలకి చెప్పుకో. అది జంతువు. పైగా ఏకాదశి వ్రతం చేసే జంతువు." అని మా అమ్మ లోనికి పోయెను. అయిదుగురు ముత్తైదువులు ముందే కుదిరియుండిరి. నా భార్య ఆ దినమున మొక్కకు నీరు పోయలేదు. చెంబు చేత పట్టుకొని కొంతసేపు నిలిచి, లోనికి వచ్చెను.

మాఘములో మగపెండ్లివారు రామచంద్రపురమునుండి వచ్చి విడిదిలో దిగిరి. ఆ సాయంకాలము వియ్యపురాలు తనవారితో ఇల్లు చూడవచ్చెను. ఆమె చూచినది ఇల్లు కాదు, సారె సామాను. బిందె లొకమారు మ్రోగించి చూచెను. అట్లు చూచుచు పెరటిలోనికి వచ్చి, చూరువైపు తలయెత్తి ఆగిపోయెను.

"ఇదేంటండి వదినగారూ, చూరుకి చెంబులు కట్టారు?"

"మొక్కండి."

"మా ఊళ్ళో చెంబులు కంచరివాళ్ళు చేస్తారండి. మీకు చెట్లకి కాస్తాయా? అదీ, సారెలో చెంబులు కాస్త చిన్నవిగా కనిపిస్తేనూ... పిందెలు కోసేశారేమో అనుకున్నాను" అని ఆమె తనవారివైపు తిరిగి నవ్వెను. వారును నవ్విరి.

మా అమ్మ ముఖము ఎర్రబడెను. ఆమె నిటారుగా నిలిచి పైట సవరించుకొనెను.

"కాస్తాయండి. అందరిళ్ళల్లో కాయవు, మా ఇంట్లోనే కాస్తాయి. ధవళేశ్వరం దొరసాని మూడేళ్ళు పెంచి, నావల్ల కాదని దణ్ణం పెట్టి ఇచ్చేసింది. మా కోడలు పెంచింది. నీళ్ళతో చాలదండి దీనికి, నియమం ఉండాలి. ఏకాదశి ఉపవాసం కూడా చేయించింది దీనిచేత."

"మొక్కచేతే!"

"మొక్కచేతే. మా కోడలి చేతిలో ఏది పెట్టినా బతుకుతుందండి."

నేను వరండాలో నుంటిని. నా భార్య వంటయింటి గుమ్మములో, మజ్జిగ గ్లాసులున్న పళ్లెరము చేతబట్టుకొని, నిలిచిన చోటనే నిలిచిపోయెను. వియ్యపురాలు ఇప్పుడు నవ్వుట మాని ఆమెను తలనుండి పాదములవరకు పరిశీలనగా చూచెను.

"అయితే రేపు పాలికల్లో తొలిగుప్పెడు ఈవిడదేనన్నమాట. మంచిదండి. మావాడి కాపురం చల్లగా ఉంటుంది."

లోపల మా నాన్నగారి భాగవతము ఆగెను. మా అమ్మ కోడలివైపు చూడక, వియ్యపురాలినే చూచుచు, "మరి? వదిన ఉండగా ఇంకొకరితో వేయిస్తామేంటండి? ఏమే అమ్మాయ్, మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడ్డావేం? ఇవ్వు వాళ్ళకి" అనెను.

మరునాడు పురోహితుడు పిలువగానే నా భార్య పీటమీద కూర్చుండి, పాలతో తడిసిన గింజలు గుప్పెడు తీసి పాలికలలో చల్లెను. కొన్ని గింజలు నేలమీద పడెను. మా చెల్లెలు వంగి వానిని ఏరి మరల ఆమె చేతిలోనే పెట్టెను. పెండ్లి అయిదు దినములును మా అమ్మ తెల్లవారగానే ఎవరును చూడకుండ పాలికల గదిలోనికి పోయివచ్చుచుండెను. మొదట నామె ముఖము చూచిన భయము వేసెడిది. పిమ్మట నొక ఉదయమున ఆమె వెలుపలికి వచ్చి, నా భార్య నెత్తిమీద చేయి వేసి వంటపనికి పోయెను.

కడపటి దినమున మేళముతో పాలికలను కాలువలో కలుపబోవుచుండగా చూచితిని. పెసర, అలసంద, గోధుమ యొకదానినొకటి త్రోసికొనుచు మూకుళ్లు కనబడకుండ పెరిగియుండెను. ముందెవరు నడువవలెనని ముత్తైదువు లొకరినొకరు చూచుకొనుచుండిరి. మా అమ్మ వానిలో దట్టమైన పాలికను రెండుచేతుల నెత్తి కోడలి చేతులలో పెట్టి, "నువ్వు నడు" అనెను.